డీవీడీ, బ్లూ-రే, 4కే డిస్క్: మీ ఇంటికి ఏది కొనాలి?

డిస్కుల సంగతి మాట్లాడుకునే ముందు ఒక పని చేయండి. టేపు తీసుకుని, మీరు రోజూ కూర్చునే సోఫా నుంచి టీవీ దాకా ఎన్ని అడుగులుందో కొలవండి. డీవీడీ సరిపోతుందా, బ్లూ-రే కావాలా, 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే దాకా వెళ్ళాలా అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మిగతా సగం రెండు విషయాల్లో ఉంది: మీ టీవీ ఎంత వెలుగు ఇవ్వగలదు, ఆ సినిమాకు మాస్టర్, అంటే డిస్కులకు మూలమైన ప్రతి, ఎలా తయారు చేశారు. అట్ట మీద పెద్దక్షరాల్లో వేసిన 4కే ముద్రను ఈ మూడూ చూసుకున్నాకే పట్టించుకోవాలి.

ఓటీటీ ఉండగా ఇంకా డిస్కులెందుకు అని చాలామంది అడుగుతారు. 4కేలో చూడాలంటే సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. అంటే బొమ్మా శబ్దమూ కలిపి ఆ లోపలే సర్దుకుని వస్తున్నాయి. మామూలు బ్లూ-రేలో ఒక్క బొమ్మకే 40 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు. 4కే డిస్కులో మొత్తం 128 దాకా వెళ్ళొచ్చు. కోడెక్‌లు, అంటే వీడియోను కుదించే పద్ధతులు, వేరు కాబట్టి ఈ అంకెల్ని నేరుగా పోల్చకూడదు. ఓటీటీలు, 4కే డిస్కులు వాడే కొత్త కోడెక్‌లు పాతవాటికంటే తక్కువ డేటాతో అదే నాణ్యత తెస్తాయి. అది లెక్కలోకి తీసుకున్నా సరే, జోరున వాన కురిసే సీను, యజ్ఞగుండం పొగ, చీకటి గదిలో ఒక్క దీపం లాంటివి రెండింట్లోనూ పక్కపక్కన పెట్టి చూడండి. స్ట్రీమింగ్‌లో చీకటి భాగాలు గళ్ళుగళ్ళుగా, మెట్లుమెట్లుగా విడిపోతాయి. డిస్కులో ఆ నలుపు నిండుగా ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది. ఓటీటీలో హక్కుల గడువు తీరితే సినిమా ఒక రాత్రిలో మాయమవుతుంది. 2023 డిసెంబరులో సోనీ ప్లేస్టేషన్ స్టోర్, డబ్బు పెట్టి కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలను కూడా జనం ఖాతాల్లోంచి తీసేస్తామని ప్రకటించింది. గొడవయ్యాక ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు కానీ, ఆన్‌లైన్‌లో "కొన్నది" ఎంతవరకు మనదో అప్పుడు అందరికీ అర్థమైంది. షెల్ఫులో ఉన్న డిస్కును ఎవరూ వచ్చి తీసుకుపోలేరు.

అడుగుల లెక్క

మూడు డిస్కులూ చూడటానికి ఒకేలా ఉంటాయి, అడ్డంగా 12 సెంటీమీటర్లు. తేడా లేజర్లో ఉంది. డీవీడీని 650 నానోమీటర్ల ఎరుపు లేజర్ చదువుతుంది, బ్లూ-రేని 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజర్. కాంతి తరంగం ఎంత చిన్నదైతే అంత సన్నని గీతల్ని చదవొచ్చు. డీవీడీలో పక్కపక్క గీతల మధ్య దూరం 0.74 మైక్రాన్లైతే బ్లూ-రేలో 0.32 మాత్రమే. అందుకే డీవీడీలో ఒక పొరకు 4.7, రెండు పొరలకు 8.5 జీబీ పడితే, బ్లూ-రేలో 25, 50 జీబీ పడుతుంది. 4కే డిస్కులు 50, 66, 100 జీబీల్లో వస్తాయి.

బొమ్మలో ఉండే చుక్కల లెక్క చూద్దాం. మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో చేసిన డీవీడీలో 720×576, అంటే సుమారు 4 లక్షల పిక్సెళ్ళు. బ్లూ-రేలో 1920×1080, సుమారు 21 లక్షలు. 4కేలో 3840×2160, సుమారు 83 లక్షలు. లక్షలు చూసి 4కే నాలుగింతలు బాగుంటుందనుకోవద్దు. కంటికి అందే హద్దు ఒకటుంది.

కంటి డాక్టరు 6/6 అని రాసిచ్చే మామూలు చూపును ప్రమాణంగా తీసుకుందాం. 55 అంగుళాల టీవీలో 1080 గీతల బ్లూ-రే బొమ్మలోని ఒక్కొక్క పిక్సెల్‌ను కన్ను విడదీయగలిగే హద్దు సుమారు 7 అడుగులు. అంతకంటే వెనక్కి వెళితే 4కేలో ఉన్న అదనపు వివరం కంటికి చేరదు. అదే టీవీలో 4కే మొత్తం వివరం అందాలంటే మూడున్నర అడుగుల దగ్గరికి జరగాలి. మన ఇళ్ళలో అంత దగ్గర ఎవరూ కూర్చోరు. 65 అంగుళాల టీవీకి ఈ 7 అడుగులు ఎనిమిదిన్నర అవుతాయి. 75కి దాదాపు 10. ప్రొజెక్టర్ పెట్టి 100 అంగుళాల తెర వేస్తే 13 అడుగులు.

డీవీడీకి ఇదే లెక్క వేస్తే 55 అంగుళాల టీవీలో 13 అడుగుల మీదకొస్తుంది. అపార్ట్‌మెంట్ హాల్లో సోఫా మామూలుగా 8 నుంచి 10 అడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి, డీవీడీకీ బ్లూ-రేకీ తేడా దాదాపు ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. బ్లూ-రేకీ 4కేకీ మధ్య స్పష్టతలో తేడా పెద్ద తెర ఉన్న ఇంట్లోనో, బాగా దగ్గర కూర్చునేవాళ్ళకో తప్ప కనిపించదు. నేనిచ్చే సలహా మొత్తం ఈ లెక్క మీదే నిలబడింది. డీవీడీ నుంచి బ్లూ-రేకి మారడానికి వెనకాడొద్దు. బ్లూ-రే నుంచి 4కేకి మాత్రం సినిమాను బట్టి వెళ్ళండి.

ఎర్ర కేసులో ఉన్న డిస్కు కొనకండి

పాత సామాన్ల షాపుల్లో, ఆన్‌లైన్ సెకండ్‌హ్యాండ్ సైట్లలో ముదురు ఎరుపు కేసులో హెచ్‌డీ డీవీడీ అని కనిపిస్తుంటుంది. పేరు చూసి మంచి డీవీడీ అనుకుని కొనేవాళ్ళున్నారు. అది ఓడిపోయిన ఫార్మాట్. తోషిబా నడిపించిన హెచ్‌డీ డీవీడీ 2006 మార్చిలో జపాన్‌లో, ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చింది. సోనీ, పానాసోనిక్‌లు వెనకుండి నడిపించిన బ్లూ-రే అదే ఏడాది జూన్‌లో అమెరికాలో దిగింది. రెండింటిదీ ఒకే నీలి లేజర్. హెచ్‌డీ డీవీడీలో డేటా పొర డీవీడీలో లాగే 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది కాబట్టి పాత ఫ్యాక్టరీలను కాస్త మార్చి తయారు చేసుకోవచ్చు. కానీ పొరకు 15 జీబీయే పడుతుంది. బ్లూ-రే ఆ పొరను పైకి, 0.1 మిల్లీమీటర్ దగ్గరికి తెచ్చి 25 జీబీ పట్టించింది. అందుకు కొత్త యంత్రాలు కావాల్సొచ్చాయి.

2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3లో బ్లూ-రే డ్రైవ్ లోపలే ఉండటం ఆట తిప్పింది. గేమ్స్ కోసం కొన్నవాళ్ళ ఇళ్ళలోకి ప్లేయర్ దానంతటదే వెళ్ళిపోయింది. 2008 జనవరి 4న వార్నర్ స్టూడియో ఇకపై బ్లూ-రే మాత్రమే అని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని ఆపేసింది. ఆ డిస్కుల్ని బ్లూ-రే ప్లేయర్లు చదవవు. రీజియన్ తాళం (ఒక ప్రాంతపు డిస్కు ఇంకో ప్రాంతపు ప్లేయర్లో ఆడకుండా వేసే అడ్డు) లేకుండా వచ్చిన ఫార్మాట్ అది, ఆ ఒక్క విషయంలో మాత్రం అది పోవడం ప్రేక్షకుడికి నష్టమే.

ఇప్పుడు షాపులో గుర్తుపట్టడం తేలికే. బ్లూ-రేకి నీలం కేసు, 4కేకి నలుపు కేసు, రెండూ డీవీడీ కేసు కంటే పొట్టిగా ఉంటాయి.

తెలుగు సినిమా డీవీడీలను వెనక తిప్పి చూడండి

తెలుగు సినిమాల విషయానికొస్తే చాలాసార్లు ఎంపికే ఉండదు. పాతవాటిలో బోలెడన్ని డీవీడీ దగ్గరే ఆగిపోయాయి, కొన్నయితే వీసీడీ దాటి రాలేదు. కొన్నేళ్ళుగా కొత్త సినిమాలు డిస్కు మీద రావడం దాదాపు ఆగిపోయింది. కాబట్టి ఉన్న డీవీడీల్లో మంచిదేదో గుర్తుపట్టడం తెలిసుండాలి. ఒకే సినిమాకు రెండు మూడు కంపెనీల డీవీడీలు ఉన్నప్పుడు వాటి మధ్య తేడా, ఒక్కోసారి డీవీడీకీ బ్లూ-రేకీ ఉన్నంత ఉంటుంది.

మొదట చూడాల్సింది "అనమార్ఫిక్" లేదా "16:9 ఎన్‌హాన్స్‌డ్" అన్న మాట ఉందా అని. మన సినిమాలు ఎక్కువగా 2.35:1 స్కోప్‌లో తీసినవి. అనమార్ఫిక్ కాని డీవీడీలో ఆ వెడల్పు బొమ్మను పాత చదరపు టీవీ కొలతలో ఇరికించి, పైనా కిందా నల్ల పట్టీలు కలిపి రికార్డు చేస్తారు. 576 గీతల్లో సినిమాకు మిగిలేది సుమారు 327. మిగతావన్నీ నల్ల పట్టీలకు పోతాయి. అనమార్ఫిక్ అయితే అదే సినిమాకు 436 గీతలు దక్కుతాయి. అంటే మూడో వంతు ఎక్కువ, అదే డిస్కు, అదే ధర. ఇంట్లో డీవీడీ పెట్టినప్పుడు బొమ్మ టీవీ మధ్యలో చిన్న పెట్టెలా వచ్చి నాలుగు వైపులా నలుపు కనిపిస్తే అది అనమార్ఫిక్ కాదన్నమాట.

రెండోది, ఒక డిస్కులో ఎన్ని సినిమాలు కుక్కారు అన్నది. మోజర్ బేర్ కంపెనీ 30 రూపాయల చుట్టుపక్కల ధరకు వీసీడీలు, డీవీడీలు అమ్మిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. సినిమా ఇంటింటికీ చేరింది, సంతోషమే. ఆ కాలం నుంచే "మూడు సినిమాలు ఒకే డీవీడీ" రకం కూడా బాగా పెరిగింది. లెక్క వేయండి. రెండున్నర గంటల సినిమా ఒక్కటే 8.5 జీబీ డిస్కులో ఉంటే సెకనుకు ఏడున్నర మెగాబిట్లు దక్కుతాయి. అదే డిస్కులో మూడు పెడితే ఒక్కోదానికి రెండున్నర. పాటలో కెమెరా కదిలిన ప్రతిసారీ, పూలు చల్లిన ప్రతిసారీ బొమ్మ చెదిరిపోవడానికి కారణం అదే. ఒక్క సినిమా ఉన్న పాత డిస్కు గీతలు పడి ఉన్నా సరే, అదే కొనండి.

మూడోది నిడివి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ వీడియో సెకనుకు 25. పాల్ డీవీడీలు చేసేటప్పుడు సినిమాను 4 శాతం వేగంగా నడిపించడం మామూలు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. సీన్లేమీ కోసినట్టు కాదు. కానీ శబ్దాన్ని సరిచేయకపోతే శ్రుతి పైకెక్కుతుంది. ఘంటసాల గొంతు వినీ వినీ అలవాటైన చెవికి ఇది ఇట్టే తెలిసిపోతుంది, పాట ఎందుకో తొందరపడుతున్నట్టుంటుంది. అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో చేసిన డీవీడీల్లో శ్రుతి సరిగ్గానే ఉంటుంది, కానీ గీతలు 480కి తగ్గుతాయి, కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగేటప్పుడు కొద్దిగా కుదుపు ఉంటుంది. పాటల కోసం చూసే సినిమా అయితే నేను ఎన్‌టీఎస్‌సీ వైపే మొగ్గుతాను. బ్లూ-రేలో ఈ తకరారు లేదు. 24 ఫ్రేముల్ని 24 ఫ్రేములుగానే చూపిస్తుంది. సంగీతం ఇష్టమున్నవాళ్ళకు బ్లూ-రే కొనమని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

4కే డిస్కు ఎప్పుడు కొనాలి

2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలో అసలు గొప్పతనం చుక్కల సంఖ్యలో కంటే వెలుగులో, రంగులో ఉంది. మామూలు బ్లూ-రేని 100 నిట్ల వెలుగు ప్రమాణంగా పెట్టుకుని తయారు చేస్తారు. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ డిస్కుల్ని 1000, కొన్నింటిని 4000 నిట్లకు చేస్తారు. బ్లూ-రేలో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే ఇక్కడ 1024. సాయంత్రపు ఆకాశం నారింజ నుంచి నీలంలోకి మారేచోట చారలు పడకుండా నున్నగా ఉండటం, పట్టుచీర జరీ మెరుపు, దీపపు వత్తి చుట్టూ తెల్లటి ముద్దలా కాకుండా మంట రంగు కనిపించడం ఈ అదనపు వెలుగు, ఈ మెట్ల వల్లే. ఇది 10 అడుగుల దూరం నుంచి కూడా కనిపిస్తుంది, స్పష్టత లాగా దూరంతో తగ్గిపోదు.

కాకపోతే టీవీకి ఆ శక్తి ఉండాలి. చవక 4కే టీవీల మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉన్నా, చాలావరకు 300, 400 నిట్ల దగ్గరే ఆగిపోతాయి. నలుపును నల్లగా ఉంచే లోకల్ డిమ్మింగ్ వాటిలో ఉండదు. అలాంటి టీవీలో 4కే డిస్కు పెడితే బొమ్మ బ్లూ-రే కంటే మసకగా కనిపించి టెన్షన్ పెడుతుంది. డిస్కులో లోపం లేదు, 1000 నిట్లకు చేసిన బొమ్మను 300లోకి కుదించేటప్పుడు టీవీ మొత్తాన్నీ చీకటి చేసేస్తోంది. ఓఎల్ఈడీ గానీ, లోకల్ డిమ్మింగ్ ఉన్న మినీ ఎల్ఈడీ గానీ ఉంటేనే 4కే డిస్కులకు డబ్బు పెట్టండి. లేదంటే ఆ డబ్బు కూడబెట్టి ముందు టీవీ మార్చండి.

ఇక మాస్టర్ సంగతి. 2000 తర్వాత దశాబ్దమున్నర పాటు వచ్చిన సినిమాల్లో చాలావాటికి ఎడిటింగ్, రంగులు దిద్దడం, గ్రాఫిక్స్ అంతా 2కేలో, అంటే 2048 పిక్సెళ్ళ వెడల్పులో పూర్తి చేశారు. వాటి 4కే డిస్కు అంటే ఆ 2కేని సాగదీసి హెచ్‌డీఆర్ కలిపినదే. మంచి హెచ్‌డీఆర్ ఉంటే కొనొచ్చు, కొత్త వివరం మాత్రం ఆశించొద్దు. వాటికంటే 1950లు, 60ల్లో ఫిల్మ్ మీద తీసిన సినిమాల నెగటివ్‌లో ఎక్కువ వివరం దాగి ఉంది. 1962లో 65 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీసిన లారెన్స్ ఆఫ్ అరేబియాను 8కేలో స్కాన్ చేసి 4కేలో పునరుద్ధరించారు. దాని 4కే డిస్కులో ఎడారి ఇసుక రేణువులు ఈనాటి సినిమాల కంటే స్పష్టంగా ఉంటాయి. పాత సినిమాకు 4కే ఎందుకు అనుకునేవాళ్ళు మొదట చూడాల్సింది పాత సినిమాలే.

అయితే నెగటివ్ నుంచి చేశారన్నది ఒక్కటే చాలదు. ఈమధ్య కొన్ని పెద్ద స్టూడియోల 4కే విడుదలల్లో ఫిల్మ్ గ్రెయిన్‌ను (ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నని రేణువుల్ని) సాఫ్ట్‌వేర్‌తో తుడిచేసి, అంచులకు పదును పెట్టి వదులుతున్నారు. ముఖాల మీద చర్మం మైనంలా నున్నగా అయిపోతుంది. అలాంటి సినిమాకు పాత బ్లూ-రేనే మేలు. కొనేముందు రివ్యూల్లో స్క్రీన్‌షాట్లు చూసి, చర్మం మీద స్వేద రంధ్రాలు కనిపిస్తున్నాయో లేదో గమనించండి.

శబ్దం

డీవీడీలో డాల్బీ డిజిటల్ సెకనుకు 448 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది. బ్లూ-రేలోనూ 4కేలోనూ డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ఉంటాయి, స్టూడియోలో మిక్స్ చేసింది ఏమీ పోకుండా వస్తుంది. తల మీది నుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ పద్ధతి ఓటీటీలో ఉన్నా, అది కూడా కుదించిన రకమే. డిస్కులో అట్మాస్ ట్రూహెచ్‌డీ మీద వస్తుంది. టీవీ స్పీకర్లతో వినేవాళ్ళకు ఇదేమీ తెలియదు. మంచి సౌండ్‌బార్ గానీ రిసీవర్ గానీ ఉంటే తేడా మొదటి డప్పు దెబ్బకే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ప్లేయర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి సౌండ్‌బార్‌కు వైరు వేస్తే, ఆ వైరు పెట్టిన సాకెట్ దగ్గర ఏఆర్‌సీ అని మాత్రమే రాసి ఉంటే ట్రూహెచ్‌డీ దాటదు. ఈ-ఏఆర్‌సీ అయితే దాటుతుంది. అది లేకపోతే ప్లేయర్‌ను ముందు సౌండ్‌బార్‌కో రిసీవర్‌కో కలిపి, అక్కడినుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వేయండి.

అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్ళకు

మన దగ్గర షాపుల్లో సినిమా డిస్కులు దొరకడం బాగా తగ్గిపోయింది కాబట్టి, అన్నయ్యో, చెల్లెలో, బాబాయి కొడుకో వచ్చేటప్పుడు తెమ్మని చెప్పడం తెలుగిళ్ళలో మామూలైంది. ఇక్కడే రీజియన్ కోడ్ దెబ్బ కొడుతుంది. బ్లూ-రేకి ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా, జపాన్, సింగపూర్ ఉన్న ఆగ్నేయాసియా ఎ. యూరప్, గల్ఫ్, ఆస్ట్రేలియా బి. భారతదేశం, చైనా, రష్యా సి. ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఎ తాళం వేసిన అమెరికా బ్లూ-రే ఆడదు. పెద్ద స్టూడియోల బ్లూ-రేల్లో తాళం లేనివి చాలానే ఉన్నాయి, అయినా వెనక అట్ట మీద చూసుకోకుండా తెప్పించొద్దు. డీవీడీకి ముక్కలు ఇంకా ఎక్కువ, మనది 5, అమెరికాది 1. మన సినిమాల డీవీడీల మీద మామూలుగా "ఆల్" అని ఉంటుంది, వాటితో బాధ లేదు.

4కే డిస్కులకు రీజియన్ తాళమే లేదు. ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడుతుంది. మన దేశంలో ఉండేవాళ్ళు తేడా కనిపించకపోయినా 4కే కొనడానికి ఇదొక గట్టి కారణం. సత్యజిత్ రాయ్ అపు త్రయాన్ని తీసుకోండి. అమెరికాలో క్రైటీరియన్ అనే డిస్కుల సంస్థ వేసిన బ్లూ-రేలకు ఎ తాళం ఉంది. అదే సంస్థ తర్వాత తెచ్చిన 4కే డిస్కులు విశాఖలోనైనా వరంగల్‌లోనైనా ఆడతాయి. పెట్టెలో పక్కనే ఇచ్చే బ్లూ-రే డిస్కులకు మాత్రం తాళం అలాగే ఉంటుంది, కంగారుపడొద్దు. బాహుబలి రెండు భాగాలూ జపాన్‌లో బ్లూ-రేలుగా వచ్చాయి, అక్కడ అభిమానులు ఎక్కువ కాబట్టి శ్రద్ధగా తెచ్చారు. జపాన్ కూడా ఎ రీజియన్ అని గుర్తుపెట్టుకోండి.

డిస్కుతో పాటు ప్లేయర్ కూడా అమెరికా నుంచి తెప్పించుకోవాలనుకుంటే వెనకాల వోల్టేజీ చదివించండి. 100–240 అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్లో పెట్టిన క్షణంలో కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పైగా ఆ ప్లేయర్లు మన పాల్ డీవీడీలను ఆడకపోవచ్చు. ఇంట్లో పాత తెలుగు డీవీడీలు ఎక్కువుంటే ఇక్కడే కొనడం మంచిది.

ఏ ప్లేయర్

కొత్తగా కొనేవాళ్ళు 4కే ప్లేయర్‌నే కొనండి, ఈరోజు 4కే డిస్కు ఒక్కటి కూడా లేకపోయినా సరే. అది బ్లూ-రేలను, డీవీడీలను కూడా ఆడుతుంది. మామూలు బ్లూ-రే ప్లేయర్ 4కే డిస్కును ఎప్పటికీ ఆడదు. తయారీదారులు కూడా ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. ఒప్పో 2018లో, సామ్‌సంగ్ 2019లో కొత్త ప్లేయర్లు ఆపేశాయి, 2024 చివర్లో ఎల్‌జీ కూడా ఆపేసింది. మిగిలిన పెద్ద పేర్లు పానాసోనిక్, సోనీ. 2025 మొదట్లో సోనీ బ్లూ-రే ఆపేసిందని వార్త తిరిగింది, అది ఇంట్లో రికార్డు చేసుకునే ఖాళీ డిస్కుల గురించి. సినిమా డిస్కులు వస్తూనే ఉన్నాయి.

పానాసోనిక్ యూబీ820 దొరికితే వేరే ఆలోచన అక్కర్లేదు. హెచ్‌డీఆర్‌లో మెరుగైన రకాలైన డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10 ప్లస్ రెండూ ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, టీవీ శక్తిని బట్టి హెచ్‌డీఆర్ వెలుగును ప్లేయరే సర్ది పంపుతుంది. మధ్యస్థం టీవీ ఉన్నవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. సోనీ ఎక్స్700 ధర తక్కువ, పనితనం బాగుంటుంది. కానీ డాల్బీ విజన్‌ను డిస్కును బట్టి మీరే మెనూలోకి వెళ్ళి ఆన్, ఆఫ్ చేయాలి.

పిల్లల గేమ్స్ కోసం డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5 గానీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ ఇంట్లో ఉంటే విడిగా ప్లేయర్ కొనక్కర్లేదు, రెండూ 4కే డిస్కులు ఆడతాయి. డిస్కుల మీది డాల్బీ విజన్ రెండింటిలోనూ రాదు, హెచ్‌డీఆర్10 వస్తుంది. ప్లేస్టేషన్ 4 మాత్రం, ప్రో అయినా సరే, 4కే డిస్కు ఆడదు. కంప్యూటర్‌లో 4కే డిస్కు చూడాలన్న ఆలోచన వదిలేయండి. దానికి కావాల్సిన ఒక రక్షణ వ్యవస్థను ఇంటెల్ 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుంచి తీసేసింది.

ఎవరికి ఏది

43 లేదా 50 అంగుళాల మామూలు టీవీ ఉండి హాల్లో 9 అడుగుల దూరంలో కూర్చునేవాళ్ళు బ్లూ-రేలు కొనండి. ధర తక్కువ, సెకండ్‌హ్యాండ్‌లో విరివిగా దొరుకుతాయి, కంటికి అందేదంతా అందులో ఉంది. 65 అంగుళాల మంచి ఓఎల్ఈడీ ఉన్నవాళ్ళు మళ్ళీమళ్ళీ చూసే సినిమాలను మాత్రం 4కేలో, మిగతావి బ్లూ-రేలో తీసుకోండి. ప్రొజెక్టర్ ఉన్నవాళ్ళ సంగతి వేరు. 100 అంగుళాల తెరకు 10 అడుగుల దూరంలో కూర్చుంటే 4కే స్పష్టత కొంతవరకు పనికొస్తుంది, కానీ ప్రొజెక్టర్ వెలుగు తక్కువ కాబట్టి హెచ్‌డీఆర్ బలం అంతగా దక్కదు. వాళ్ళు యూబీ820 లాంటి ప్లేయర్ మీద ఎక్కువ పెట్టాలి. తెలుగు సినిమాలే చూసేవాళ్ళు డీవీడీ బొమ్మను బాగా పెద్దది చేసి చూపించే మంచి ప్లేయర్ కొని, బ్లూ-రే వచ్చిన సినిమా ఎక్కడ కనపడినా వదలకుండా కొని పెట్టుకోండి. అవి మళ్ళీ అచ్చు వేస్తారన్న నమ్మకం లేదు.

కొన్నాక

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు డిస్కు అడుగు భాగం చూడండి. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన డీవీడీ వెండిలా మెరుస్తుంది, రెండు పొరలదైతే కాస్త బంగారు ఛాయ ఉంటుంది. ఊదా రంగులో ఉంటే అది కంప్యూటర్‌లో కాపీ చేసింది, ఒరిజినల్ ధర ఇవ్వొద్దు. డీవీడీ మీద గీతలు పడితే పాలిష్ పట్టించి బతికించుకోవచ్చు. బ్లూ-రేకి ఆ అవకాశం లేదు, డేటా పొర 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంది. పైనున్న గట్టి పూత చిన్న గీతల్ని ఆపుతుంది, లోతైన గీత పడితే డిస్కు పోయినట్టే. తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకుండా, మధ్య నుంచి అంచుకు నిటారుగా మెత్తటి గుడ్డతో తుడవండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో డిస్కుల్ని నిలువుగా, గోడకు ఆనకుండా పెట్టి, షెల్ఫులో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి. అచ్చు వేసిన డిస్కులు కూడా శాశ్వతం కాదు. వార్నర్ స్టూడియో 2006 తర్వాతి రెండు మూడేళ్ళలో వేసిన కొన్ని డీవీడీలు లోపల పొర చెడి ఆడటం మానేశాయి, 2025లో ఆ సంస్థే ఒప్పుకుంది. ఆ కాలం నాటివి మీ దగ్గరుంటే ఒక్కసారి చివరి వరకు ఆడించి చూసుకోండి.

పెళ్ళి వీడియోలు, అన్నప్రాశన వీడియోలు ఊదా రంగు డీవీడీల్లోనే ఉంటాయి. వాటిలో డేటా రంగు పూత మీద నిలుస్తుంది, వేడికీ ఎండకీ ఆ పూత వెలిసిపోతుంది. సినిమా డిస్కు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, వీటికి రెండో ప్రతి ఎక్కడా ఉండదు. కొత్త ప్లేయర్ మీద ఖర్చు పెట్టే నెలలోనే, డీవీడీ డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్ ఎవరింట్లో ఉందో కనుక్కుని, డిస్కులో ఉన్న వీడియో ఫోల్డర్‌ను యథాతథంగా రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేయించండి. వేరే ఫార్మాట్‌లోకి మార్చే పని తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.